సున్నపు గుండ్రాలు

పచ్చి సున్నం మీద నీళ్ళు పడి ఉడికేటప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం వేడిగా, కొంచెం ఘాటుగా, ముక్కు లోపల తడి అంతా లాగేసినట్టుగా ఉంటుంది. కరోనా వచ్చిన ఎండాకాలంలో అనంతపురంలో మా వీధి చివర పాల అంగడి ఓబులేసు డబ్బాలో సున్నం కలిపి, చీపురుకట్ట ముంచి, అంగడి ముందర మనిషికొక గుండ్రం గీస్తూ ఉన్నాడు. నేను మూతికి గుడ్డ కట్టుకొని, గిన్నె చేత పట్టుకొని నిలబడి ఉన్నాను. అంత గుడ్డలోంచి కూడా ఆ వాసన నన్ను పట్టేసింది. "గుండ్రంలోకి రా అవ్వా" అన్నాడు. రానన్నాను. "ఏమవ్వా, నీ మంచికే గదా గీసింది!" అన్నాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే పోయేది, నాకు ఒళ్ళు మండిపోయింది. నా మంచికే గీసిన గుండ్రంలో నేను ఒకసారి కూర్చున్నాను నాయనా, అని గొణుక్కుంటూ పాలు పోయించుకోకుండానే వచ్చేశాను. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, దాని వయసు మాత్రం ఎవరికీ తెలియదు.

మా ఊరు కంబదూరుకు అవతల, బస్సు దిగి ఎర్రమట్టి దారి పట్టుకొని నడిచిపోవలసిన పల్లె. ఎటు చూసినా చూపుకు అడ్డం లేని మెట్ట నేల, మధ్య మధ్య నల్ల గుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. వాన పడిన ఏడు శెనక్కాయ చేలు పచ్చగా నేలను కరుచుకొని ఉండేవి, పడని ఏడు అదే నేల పెంకులాగా పగిలి కాళ్ళు కాల్చేది. నాకు పడిన ఏండ్లే ఎక్కువ గుర్తు, తక్కువ కాబట్టేమో. పెరికిన చెట్లను చేలోనే కంపమంట మీద వేసి కాల్చి, మూతులు నల్లగా చేసుకొని తిన్న పచ్చికాయలు, రాగి సంగటి ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి అమ్మ వేసే ఊరిబిండి పచ్చడి, ఉగాదికి పెనం మీద ఓళిగ తిరగేసినప్పుడల్లా చిటపటలాడే నెయ్యి, మధ్యాహ్నం పూట అరుగుల మీద తుండుగుడ్డ తల కింద పెట్టుకొని నిద్రలో కూడా వాన గురించే మాట్లాడుకునే ముసలివాళ్ళు, గోడ నీడలో గచ్చకాయలు ఎగరేసుకుంటూ ఒకరినొకరు దొంగాటంటూ జుట్లు పట్టుకునే మేము, ఇదీ మా ఊరు. ఇంతకు మించి మాకు ఉన్న గొప్పదల్లా ఒక గది.

అది శెట్టిగారింటి ముందరి గది. పక్క గదిలో శెనక్కాయ మూటలు, ఈ గదిలో పుస్తకాలు. గ్రంథాలయం అని రాసిన పలక ఒకటి వాకిలి మీద వేలాడేది. కాగితాల వాసనలో శెనక్కాయ పొట్టు వాసన కలిసిపోయి ఉండేది కాబట్టి, ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది నాకు. లైబ్రేరియన్ తిప్పేస్వామి సారు కళ్యాణదుర్గం తట్టునుంచి వచ్చిన బక్క మనిషి. పెళ్ళాం పిల్లలు లేరు. కండ్లద్దాలకు ఒక పక్క కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేవాడు. ఊళ్ళో చదువు వచ్చినవాళ్ళు బహు తక్కువ, అందుకని సాయంత్రం కాగానే అరుగు మీద నిలబడి పేపరు తనే చదివి వినిపించేవాడు. మా నాయన అందరికన్నా ముందు పోయి కూర్చొని, "అవన్నీ ఆమేలికి, వాన సంగతి సదువు సామీ ముందు" అనేవాడు. వాన సంగతి లేకపోతే సారు పేపరు తిరగేసి, మళ్ళీ తిరగేసి, తప్పు తనదే అయినట్టు, "ఈ పొద్దు రాయలేదన్నా" అనేవాడు.

ఒక ఏడు శివరాత్రి దాటి ఎండ ముదురుతూ ఉండగా ఊళ్ళోకి అమ్మవారు వచ్చింది. మశూచి అన్న మాట మా ఊళ్ళో ఎవరి నోటా వచ్చేది కాదు, జబ్బు అని కూడా అనేవారు కాదు. తల్లి వచ్చింది అనేవారు, అంతే. తల్లి వచ్చిన ఇంటి గడపకు వేపమండలు కట్టేవారు. ఆ ఇంటికి బయటివాళ్ళు పోకూడదు. ఆ ఇంట్లో తాలింపు పెట్టకూడదు, తల దువ్వకూడదు, గొంతెత్తి మాట్లాడకూడదు. ఒక్కొక్క ఇంటికే మండలు ఎక్కుతూ ఎక్కుతూ చివరకు వీధంతా అదే అయ్యేసరికి, పొద్దు గూకే వేళ ఊరి మీద కమ్ముకొనే తాలింపు వాసన పూర్తిగా పోయింది. వాసన లేని ఊరు ఎంత భయం పుట్టిస్తుందో నేనప్పుడే చూశాను.

మా ఇంటికి రాలేదు. కానీ మా అమ్మకు తల్లికన్నా సూది అంటే ఎక్కువ భయం. నాకు ముందు ఒక అక్క ఉండేదట. టీకా వేసిన నాలుగు రోజులకే ఆ పిల్లకు అమ్మవారు పోసి, ప్రాణం పోయింది. టీకాకు ముందే ఒంట్లో చేరి ఉంటుందని పెద్దయ్యాక ఎవరో డాక్టరు చెబితే నాకు తెలిసింది. మా అమ్మకు తెలిసింది మాత్రం ఒకటే, సూది పొడిపిస్తే తల్లికి కోపం వచ్చి బిడ్డను తీసుకుపోతుందని. నన్ను, నా తమ్ముడు సుంకన్నను ముందర కూర్చోబెట్టుకొని రోజూ చెప్పేది: "సూదోళ్ళొస్తే తమ్ముని సెయ్యి పట్టుకోని పరిగెత్తు. వాని సెయ్యి యిడిసినావంటే నాకు కూతురే లేదనుకుంటా." మెట్ట నేల కదా, జీపు వస్తూ ఉంటే ఎర్రదుమ్ము ఆమడ దూరం నుంచే కనబడేది. దుమ్ము లేస్తూనే ఎవరో ఒకరు కేక వేసేవారు, పిల్లలందరం ఎత్తుకుపోయినట్టు మాయమైపోయేవాళ్ళం. కొందరు జొన్న దంటు వాముల్లో, కొందరు గింజలు లేక ఖాళీగా ఉన్న పాతర గుంతల్లో. టీకాలవాళ్ళు వాకిలి వాకిలికీ తిరిగి, తిట్లు తిని, దుమ్ము కొట్టుకొని వెనక్కి పోయేవారు.

గ్రంథాలయానికి జనం రావడం మానేశారు. సారు గదికి తాళం వేశాడు, కానీ ఇంట్లో కూర్చోలేదు. కిరసనాయిలు డబ్బా రేకుతో ఒక గొట్టం చేయించుకొని, వీధి వీధికీ పోయి, మొగదల నిలబడి అందులోంచి పేపరు చదివాడు. జనం ఎవరి గడపలో వాళ్ళు కూర్చొని విన్నారు. మండలు కట్టిన ఇళ్ళ ముందర గొట్టం దించి, గొంతు తగ్గించి చదివేవాడు. ఎవరైనా పుస్తకం అడిగితే గడపకు ఎదురుగా రాతి మీద పెట్టి దూరం జరిగి, "తిరిగియ్యొద్దు, మీకాడే పెట్టుకోండి" అనేవాడు. ఆ వీధి మనిషి ఈ వీధికి రాకూడని రోజులు కదా, పేపరు మధ్యలో అదే గొంతుతో, "కింద వీధి గంగమ్మ పొద్దున కండ్లు తెరిసినాది, గంజి తాగినాది" అని కూడా చదివేవాడు. ఆ గంగమ్మకు తోడబుట్టిన అక్క మా వీధిలో ఉండేది. ఆ మాట విని ఆమె గడపలోనే కూలబడి ఏడ్చింది. ఆ రోజుల్లో మా ఊరు ఆయనను నెత్తిన పెట్టుకుంది. నేనైతే మరీ.

ఎందుకంటే సాయంత్రాలు ఆయన మావి. గ్రంథాలయం ముందరి బయలులో, ఇంట్లో అమ్మవారు లేని పిల్లల కోసం, సున్నం కలుపుకొచ్చి చేత్తోనే గుండ్రాలు గీసేవాడు, ఒకరికి ఒకరు అందనంత దూరంలో. ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్కరు కూర్చోవాలి, కథ అయ్యేదాకా లేవకూడదు. నేను మొదటి రోజే అడ్డం తిరిగాను.

"సారూ, నేను మా తమ్ముని సెయ్యి యిడిసేకి లేదు."

ఆయన నా ముందర గొంతుక్కూర్చొని, తడి సున్నం అంటిన వేలితో గీతను చూపించాడు. "ఇది నేను గీసిన గీత పాపా. దీన్ని దాటి నీ కాడికి గానీ నీ తమ్ముని కాడికి గానీ ఎవురూ రారు."

"సూదోళ్ళు?"

"ఎవురూ రారు. నాది పూచీ."

నేను సుంకన్న చెయ్యి వదిలాను.

కథ ఎర్రక్క అనే పిల్లది. ఊరి మేఘం తప్పిపోతుంది. ఆవు తప్పిపోతే వెతుక్కుంటూ పోయినట్టు ఎర్రక్క ఒక మేకపిల్లను వెంటబెట్టుకొని ఆ మేఘాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పోయిన ప్రతి ఊళ్ళోనూ, "నల్లగుంటాది, లావుగుంటాది, కోపమొస్తే ఉరుముతాది, యాడన్నా సూసినారా?" అని అడుగుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మేమందరం గుండ్రాల్లోంచే ఒక్క గొంతుతో అరిచేవాళ్ళం. కొందరు చూశామని అబద్ధం చెప్పి ఎర్రక్క చేత చాకిరీ చేయించుకునేవారు, పెన్నేటి ఇసుకలో ఆ పిల్ల కాళ్ళు బొబ్బలెక్కేవి. నాకు రాత్రుళ్ళు కూడా అదే ధ్యాస. ఊళ్ళో మనుషులు చచ్చిపోతున్న రోజులవి, కానీ నా బాల్యంలో అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ లేను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఉగాది ముందరి రోజు పొద్దున సారు గొట్టంలో చాటాడు, "ఈ పొద్దు మేఘం దొరుకుతాది, పిల్లలందరూ రాండి" అని. అందరం పోయాం. పక్కింటి జయమ్మ, నా గచ్చకాయల జత, దానికి మాత్రం వీలు కాలేదు. పండగ చేసేదేమీ లేకపోయినా వాళ్ళమ్మ ఇల్లు అలకడానికి కూర్చోబెట్టింది. పేడ చేతులతో వాకిట్లోకి వచ్చి ఏడుపు మొహంతో చూస్తే, "వొచ్చి నేను సెప్తాలేవే" అని నేను పరిగెత్తాను.

ఎర్రక్క చివరి కొండ ఎక్కుతూ ఉంది. సారు గొట్టం పట్టుకొని, కొండ మీద గాలి ఎట్లా ఉందో చెబుతూ ఉన్నాడు. నాకు వెనకనుంచి స్పిరిట్ వాసన వచ్చింది. అది ఏ వాసనో నాకు తెలియదు, మా ఊరి వాసన కాదని మాత్రం తెలిసింది. తిరిగి చూస్తే ఒక మనిషి నా గుండ్రంలో మోకాలు పెట్టి కూర్చున్నాడు. ఆయన మోకాలి కింద గీత చెరిగిపోయింది. దుమ్ము లేవలేదు, కేక వినబడలేదు, ఎందుకంటే వాళ్ళు జీపు ఎక్కడో వదిలేసి ఎండిపోయిన వంకలోంచి నడిచి వచ్చారు. వంకలోంచి దారి ఉందని మా ఊరివాళ్ళు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒక్కొక్క గుండ్రానికి ఒక్కొక్క పిల్ల, పరిగెత్తకుండా, ఒకరికొకరు అందకుండా, అచ్చంగా అరలో పెట్టినట్టు ఉన్నాం వాళ్ళకు. ఎవరో నా భుజాలు పట్టుకున్నారు. చుట్టూ పళ్ళున్న చిన్న ఇనుప బిళ్ళను జబ్బ మీద ఆనించి తిప్పారు. పక్క గుండ్రంలోంచి సుంకన్న నా వైపు చెయ్యి చాపి "అక్కా, అక్కా" అంటున్నాడు. నేనూ చాపాను. అందలేదు. అందకుండానే కదా గీసింది.

"సారూ!" అని అరిచాను.

ఆయన నా వైపు చూడలేదు. ఆకాశం వైపు చూస్తూ కథ చెబుతూనే ఉన్నాడు. నేను మళ్ళీ అరిస్తే మాత్రం ఎర్రక్కను వదిలేసి, "ఐపోతాది పాపా, ఐపోతాది" అన్నాడు, అదీ గొట్టంలోనే. ఆ మాట ఊరంతా వినబడింది. తల్లులు కొంగులు జారిపోతూ ఉన్నా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. అప్పటికి అయిపోయింది.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. మా జబ్బలకు పసుపు పూసి, వేపాకు పరిచి ఇద్దరినీ పడుకోబెట్టి, గోడకు ఆనుకొని కూర్చుంది. పోయిన అక్కను కూడా అట్లాగే చూస్తూ కూర్చుందట. సుంకన్నకు జ్వరం వచ్చింది, జబ్బ వాచింది, పుండు పడింది. నాకూ పడింది. మేము చచ్చిపోతామని ఇంట్లో అందరం నమ్మి ఎదురుచూసిన రోజులవి. సుంకన్న చెయ్యి ఒక్క క్షణం వదలకుండా పట్టుకొని, తాటాకు కప్పు వైపు చూస్తూ, నాది పూచీ అన్న ఆ మాటనే తలుచుకుంటూ పడుకున్నాను. నమ్మించి గొంతు కోయడం అని పెద్దవాళ్ళు అంటే వినడమే గానీ, అది ఎంత నొప్పి పెడుతుందో అప్పుడు తెలిసింది. జబ్బ నొప్పి దాని ముందర ఏపాటిది!

టీకా వేసిన మరునాడే నాయన పోయి సారు చేతిలోని గొట్టం లాక్కొని, కింద వేసి, కాలితో తొక్కి చదును చేశాడు. "దేవుని మాదిరి సూసుకుంటిమి గదప్పా నిన్ను! పసిబిడ్డల్ని నమ్మించి పట్టిస్తావా?" అన్నాడట. సారు అన్న మాట నాయన ఇంటికొచ్చి అమ్మతో చెబుతూ ఉంటే విన్నాను: "బతికుండల్ల గదన్నా వాళ్ళు. నన్ను తిట్టేకైనా బతికుండల్ల గదా."

మేము చావలేదు. పుండ్లు ఎండి, పక్కులు రాలి, తెల్లటి మచ్చలు మిగిలాయి. గుండ్రాల్లో కూర్చున్న పిల్లల్లో ఒక్కరికి కూడా అమ్మవారు పోయలేదు. మా వీధిలోనే తక్కిన ఇళ్ళల్లో పసివాళ్ళు పోయారు. జయమ్మకు పోసింది. బతికింది గానీ మొహమంతా గుంటలు పడి, ఒక కన్ను పోయింది. ఇదంతా ఊరు చూసింది. చూసి కూడా ఆయన దగ్గరికి ఎవరూ పోలేదు. ఆయన మాత్రం రోజూ సాయంత్రం గుండ్రాలు గీసి, అరుగు మీద నిలబడి, గొట్టం లేకుండా ఖాళీ గుండ్రాలకే కథ చెప్పేవాడు. గాలి మా ఇంటి వైపు తిరిగితే ఆ గొంతు వినబడేది, మాట తెలిసేది కాదు. అమ్మ నన్ను ఆపలేదు. నేనే రెండు చేతులతో చెవులు మూసుకొని కూర్చునేదాన్ని.

జయమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక వాకిట్లోకి వచ్చింది. నేను దాని మొహం చూడలేక నేల చూపులు చూస్తూ, సారు మమ్మల్ని ఎట్లా మోసం చేశాడో చెప్పుకొచ్చాను. అంతా విని, "నన్నేల పిల్సుకోని పోలేదే నాగీ?" అంది. నాకు జరిగింది మోసం, అదే మోసం దానికి జరగలేదని అది ఏడుస్తోంది. నాకు ఆ రోజు సారు మీద కోపం తగ్గలేదు, రెండింతలైంది. మంచివాడని అనుకోవడానికి కూడా వీలు లేకుండా, చెడ్డవాడని అనుకోవడానికి కూడా వీలు లేకుండా చేసి పెట్టాడు.

ఊరివాళ్ళు పై అధికారుల దగ్గరికి పోయి చెప్పి సారును బదిలీ చేయించారు. ఆయన పోయే రోజు ట్రంకుపెట్టె ఎద్దులబండిలో పెట్టుకొని మా వీధిలోంచే వచ్చాడు. మా ఇంటి ముందర బండి నిలిపించి, "నాగీ, కత ఇంగ రవ్వంతే ఉండాది. ఇనిపోతావా?" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను, పోలేదు. సుంకన్న నా చంక కిందినుంచి దూరి పరిగెత్తాడు. తలుపు సందులోంచి చూశాను. ఆయన దుమ్ములో గొంతుక్కూర్చున్నాడు, సుంకన్న ఆయనకు ఆనుకొని నిలబడ్డాడు. మధ్యలో గీత లేదు. సుంకన్న చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఏదో చెప్పాడు, వీడు నవ్వాడు. బండి పోయింది. వీడు లోపలికి వచ్చి, "అక్కా, మేఘం సంగతి సెప్పేదా?" అన్నాడు. "నోరు మూసుకో" అన్నాను. తర్వాత ఎన్నోసార్లు చెప్పబోయాడు. నేను వినలేదు.

ఆ గదికి ఇంకెవరినీ వేయలేదు. పుస్తకాలను ఎవరో బండికెత్తుకుపోయారు, పక్క గది మూటలు ఇందులోకి జరిగాయి. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి. అమ్మవారు లోకంలోనే లేదు. మా తర్వాత పుట్టినవాళ్ళ జబ్బల మీద ఆ మచ్చ లేదు, దాన్ని చూసి మా మనవరాలు, ఇదేంది అవ్వా, కాల్చుకున్నావా అని అడుగుతుంది. గచ్చకాయలు ఆడేవాళ్ళు లేరు, అమ్మ లేదు, నాయన లేడు, జయమ్మ కూడా పోయింది. గుండ్రాలు మమ్మల్ని జబ్బునుంచి కాపాడడానికే గీశాడా, మొదటి రోజునుంచే వాళ్ళకు అప్పజెప్పడానికి గీశాడా అని అడుగుదామన్నా చెప్పేవాళ్ళెవరూ లేరు.

పాల అంగడినుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం కళ్యాణదుర్గంలో ఉన్న సుంకన్నకు ఫోన్ చేశాను. వాడూ ముసలివాడే, వాడూ తలుపులు వేసుకొని కూర్చున్నాడు. బాగోగులేవీ అడగకుండా, "ఒరే సుంకా, మేఘం దొరికిందా?" అన్నాను. వాడికి అర్థమైంది. ఎప్పుడడిగినా ఉంటుందిలే అని ఇన్నేండ్లు ఆ ముగింపును వాడి దగ్గర ధీమాగా వదిలేశాను.

"మర్సిపోయినానక్కా" అన్నాడు. "నువ్వు ఇనకపోతివి, నేను ఎవురికీ సెప్పకపోతిని. అట్లే పాయ. ఆయప్ప సెయ్యి మటుకు బాగ గుర్తుండాది. సున్నానికి యేళ్ళన్నీ పొక్కిపోయి గరుగ్గా ఉండె."

ఫోన్ పెట్టేశాక నా జబ్బ మీది మచ్చను పట్టుకొని కూర్చున్నాను. ఆయన ప్రాణం పోశాడని నాకు తెలుసు, ఆ సంగతి ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. కానీ నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా? పాపా, నీ తమ్ముని చెయ్యి పట్టుకో, ఇద్దరూ కలిసి చెయ్యి చాపండి అని ఉంటే, చాపేదాన్నేమో. అడగలేదు. మరునాడు పొద్దున గిన్నె తీసుకొని పాలకు పోయాను. గుండ్రం పక్కన నిలబడ్డాను, లోపలికి పోలేదు.